సెయింట్ థామస్‌లో ఓడ దిగి చిన్న పడవెక్కేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లోరిడాలోని మయామి, ఫోర్ట్ లాడర్‌డేల్, పోర్ట్ కెనావెరల్ నుంచి బయల్దేరే తూర్పు కరేబియన్ క్రూజుల్లో సెయింట్ థామస్ (అమెరికా వర్జిన్ ఐలండ్స్‌లో ఒక దీవి) తరచుగా వచ్చే మజిలీ. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ పిల్లల్నీ వెంటేసుకుని ఈ క్రూజులెక్కే తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. ఓడ దిగి, కొద్దిమంది పట్టే తెరచాప పడవలో వెళ్లి, తాబేళ్లను చూసి సాయంత్రానికి తిరిగి ఓడెక్కాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సంగతులివి. అందరూ నీళ్లకు భయపడి అడుగుతారు. నిజానికి భయపడాల్సింది గడియారానికి. అందుకే టైము గురించిన జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

చిన్న పడవే ఎందుకు? ఓడవాళ్లు అమ్మే పెద్ద కాటమరాన్ (రెండు పొట్టల పడవ) ట్రిప్పు చాలదా?

చాలదని కాదు. ఓడవాళ్ల దగ్గర కొన్న ట్రిప్పులో ఒక ధీమా ఉంది: పడవ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తరవాతి రేవుకు చేర్చే పూచీ వాళ్లదే. కాకపోతే ఆ కాటమరాన్లలో నలభై, అరవై మంది కూడా ఉంటారు. అంతమందీ ఒక్కసారే దిగితే ముందువాళ్ల ఫిన్స్ (ఈదడానికి కాళ్లకు తొడిగే రెక్కలు) మీ మొహానికి తగులుతుంటాయి, ఆ సందడికి తాబేలు ఎప్పుడో జారుకుంటుంది. ఈత రానివాళ్ల పక్కన ఉండే తీరిక గైడ్లకు ఉండదు.

చిన్న పడవల్లో ఎక్కువగా కనబడేవి ఆరుగురివి. దానికి కారణం అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. డబ్బు కట్టిన ప్రయాణికులు ఆరుగురు దాటితే పడవకు కోస్ట్ గార్డ్ తనిఖీ జరిగి సర్టిఫికెట్ ఉండాలి. ఆరుగురి లోపు పడవకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, కెప్టెన్‌కు లైసెన్సు మాత్రం తప్పదు. అందుకే "మేం ఏడుగురం, ఒకరు చంటిబిడ్డేగా, సర్దుకుంటాం" అంటే ఒప్పుకోరు. ఒళ్లో పిల్లయినా లెక్కలోకే వస్తుంది. అలాంటప్పుడు రెండు పడవలు తీసుకోవాలి, లేదా సర్టిఫికెట్ ఉన్న పది పన్నెండు మంది పడవ వెతుక్కోవాలి.

నన్నడిగితే, ఇంట్లో ఈత రానివాళ్లో పెద్దవాళ్లో ఉంటే చిన్న పడవకు పెట్టిన డబ్బు వృథా కాదు. అందరూ కుర్రాళ్లు, అందరికీ ఈత వచ్చు అంటే పెద్ద కాటమరాన్ చవక, సరదాకూ లోటుండదు.

నాకు ఈత రాదు. వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కెప్టెన్‌కు ముందే చెప్పండి, అదొక్కటే షరతు. మొహమాటపడి "కొంచెం వచ్చు" అనేవాళ్లే అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడతారు.

స్నార్కెలింగ్‌కు, అంటే కళ్లకు మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ అడుగుకు చూడడానికి, ఈత కంటే తేలడం ముఖ్యం. ఉప్పునీళ్లలో ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. పైగా గాలి ఊదుకునే చొక్కాలాంటి జాకెట్టు వేస్తారు, చంకల కింద పెట్టుకోవడానికి పొడవాటి ఫోమ్ గొట్టం ఇస్తారు. చిన్న పడవల్లో గైడు ఒక రింగు పట్టుకుని ముందు ఈదుతుంటే, మీరు దాని తాడు పట్టుకుని తల నీళ్లలో పెట్టి చూస్తూ పోతే చాలు. కాళ్లు కొట్టాల్సిన అవసరం కూడా ఉండదు.

చాలామందికి కష్టమయ్యేది మొదటి రెండు నిమిషాలే. మాస్క్ పెట్టుకుంటే ముక్కు మూసుకుపోతుంది, నోటితోనే ఊపిరి తీయాలి. అది ఒంటికి అలవాటు లేని పని కాబట్టి గుండె దడదడలాడుతుంది. అప్పుడు ఈదబోకండి. నిచ్చెన పట్టుకుని, మొహం మాత్రం నీళ్లలో ముంచి, ఊపిరి తీసుకోవడం కన్నా వదలడం మీద ధ్యాస పెట్టి, మెల్లగా పొడుగ్గా వదలండి. పది పన్నెండు ఊపిర్లు అలా తీస్తే దడ తగ్గుతుంది. గొట్టంలోకి నీళ్లొస్తే తల పైకెత్తకుండా 'ఉఫ్' అని ఒక్కసారి గట్టిగా ఊదితే బయటికి పోతాయి. ఇది ఓడ ఎక్కకముందే ఇంటి దగ్గరి స్విమ్మింగ్ పూల్‌లో ఒక పూట చేసి చూసుకుంటే, ఆ రోజు మీ గంట సమయం మిగులుతుంది.

మొహమంతా కప్పేసే మాస్కులు ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తున్నాయి కదా అని కొనకండి. వాటిని వద్దనే కెప్టెన్లు చాలామంది ఉన్నారు. లోపల నీళ్లు చేరినా, ఊపిరాడకపోయినా నోట్లో గొట్టాన్ని ఉమ్మేసినట్టు దాన్ని క్షణంలో తీసెయ్యలేరు.

మాస్క్‌లోకి నీళ్లు వస్తూనే ఉంటాయి. ఏం చెయ్యాలి?

మగవాళ్లు అడిగితే నా మొదటి ప్రశ్న: మీసం ఉందా? మాస్క్ సిలికాన్ అంచు సరిగ్గా మీసం మీదే కూర్చుంటుంది, ఆ వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు కారతాయి. మీసం తీసెయ్యమని ఎవరికీ చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, ముక్కు కింద సన్నగా వాజెలైన్ రాసుకుంటే చాలావరకు ఆగుతుంది. ఆడవాళ్లయితే నుదుటి మీద పడే వెంట్రుకలు అంచు కింద ఇరుక్కున్నాయేమో చూసుకోవాలి. పట్టీ బిగిస్తే నీళ్లాగుతాయనుకోవడం పొరపాటు, బిగించేకొద్దీ అంచు వంకరపోయి ఇంకా కారుతుంది.

కళ్లజోడు పెట్టుకుని మాస్క్ వేసుకోలేరు. పవర్ ఉన్న మాస్కులు కొన్ని పడవల్లో ఉంటాయి, ముందే అడగండి. కాంటాక్ట్ లెన్సులతో దిగేవాళ్లూ ఉన్నారు, మాస్క్‌లోకి నీళ్లొస్తే లెన్సు కొట్టుకుపోవచ్చని తెలిసి దిగండి.

అసలు ఎక్కడికి తీసుకెళ్తారు?

ఎక్కువగా మూడు దారులు.

సెయింట్ థామస్‌కు దక్షిణాన, రేవుకు కొద్ది మైళ్లలోనే బక్ ఐలండ్ ఉంది. మనుషులుండరు, పాత లైట్‌హౌస్ ఒకటి, దీవంతా వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం. దాని పక్కన టర్టిల్ కోవ్ అనే చోట పచ్చ తాబేళ్లు సముద్రగడ్డి మేస్తుంటాయి. అరపూట ట్రిప్పులు చాలావరకు ఇక్కడికే. సెయింట్ క్రాయ్ దగ్గర ఇదే పేరుతో ఇంకో దీవి ఉంది, అది జాతీయ స్మారకం. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసేటప్పుడు రెండూ కలిసిపోతుంటాయి, జాగ్రత్త.

రెండోది క్రిస్మస్ కోవ్. తూర్పు చివర గ్రేట్ సెయింట్ జేమ్స్ దీవి పక్కన ప్రశాంతమైన చిన్న అఖాతం. కొత్తగా దిగేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

మూడోది సెయింట్ జాన్ ఉత్తర తీరం: హనీమూన్ బీచ్, ట్రంక్ బే, మాహో బే. ఆ దీవిలో సగానికి పైగా 1956లో ఏర్పడిన వర్జిన్ ఐలండ్స్ నేషనల్ పార్కే. ట్రంక్ బేలో నీళ్లడుగున బోర్డులు పెట్టి సుమారు 200 మీటర్ల దారి వేశారు, చేపల పేర్లూ పగడాల పేర్లూ చదువుకుంటూ పోవచ్చు. పార్కు నీళ్లలో పడవలు ఎక్కడబడితే అక్కడ లంగరు వెయ్యవు, తేలే బంతులకు తాడు కడతాయి. లంగరు లాగితే సముద్రగడ్డి వేళ్లతో సహా పోతుంది, దాంతో పాటే తాబేలు తిండీ పోతుంది. సెయింట్ జాన్‌కు వెళ్లాలంటే రోజంతా కావాలి. ఓడ మధ్యాహ్నం మూడింటికే కదిలేటట్టుంటే ఆ ఆలోచన మానుకుని బక్ ఐలండ్‌తో సరిపెట్టుకోండి.

సెయిలింగ్ అన్నారు, పోయేటప్పుడంతా ఇంజనే వేశారు. మోసమా?

మోసం కాదు, గాలి సంగతి. ఇక్కడ దాదాపు ఏడాది పొడుగునా తూర్పు నుంచే గాలి వీస్తుంది. సెయింట్ జాన్, క్రిస్మస్ కోవ్ రెండూ రేవుకు తూర్పునే ఉన్నాయి. తెరచాపతో ఎదురుగాలికి నేరుగా పోలేరు, అటోసారి ఇటోసారి ఏటవాలుగా తిరుగుతూ పోవాలి. దానికి పట్టే టైము ఓడ ప్రయాణికుల దగ్గర ఉండదు. అందుకే వెళ్లేటప్పుడు ఇంజను, వచ్చేటప్పుడు తెరచాప. తిరుగు ప్రయాణంలో ఇంజను ఆపి, వెనకగాలికి తెరచాప పూర్తిగా విప్పినప్పుడు పడవ కుదుపు తగ్గి, మాటలు మామూలు గొంతుతో వినబడతాయి. అసలు సెయిలింగ్ అదే.

పడవ ఒకవైపుకు వాలితే భయపడేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండు పొట్టల కాటమరాన్ తీసుకోవాలి, అది పెద్దగా వాలదు. ఒంటిపొట్ట పడవ వాలుతుంది, వాలడమే దాని అందం. కుర్రాళ్లు దాన్నే ఇష్టపడతారు.

ఓడ టైము, ఊరి టైము, ఫోన్ టైము. ఏది నమ్మాలి?

సెయింట్ థామస్ గడియారం ఏడాదంతా ఒకటే, ఇండియా కన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. ఫ్లోరిడా గడియారాన్ని మాత్రం మార్చిలో ముందుకు, నవంబరులో వెనక్కు జరుపుతారు. ఎండాకాలంలో రెండుచోట్లా ఒకటే టైము, ఏ గొడవా లేదు. చలికాలంలో సెయింట్ థామస్ గంట ముందుంటుంది. చిక్కంతా అప్పుడే. కొన్ని ఓడలు తమ గడియారాల్ని ఊరి టైముకు మారుస్తాయి, కొన్ని ఫ్లోరిడా టైములోనే ఉంచుతాయి.

ఓడ ఫ్లోరిడా టైములోనే ఉందనుకోండి. పడవ తొమ్మిదింటికి అంటే ఓడలో ఎనిమిది. మీరు ఓడ గడియారం చూసుకుని తాపీగా టిఫిన్ చేసి దిగేసరికి పడవ పోయుంటుంది. పోతే పోయింది, డబ్బే. రెండోది ప్రమాదకరం: ఓడ ఊరి టైముకు మారింది, మీ ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండి ఫ్లోరిడా టైమే చూపిస్తోంది. ఫోన్లో మూడున్నర కదా అనుకుంటూ ఐస్‌క్రీమ్ తింటుంటారు, అక్కడ నాలుగున్నర అయ్యి ఓడ తలుపులు మూసేస్తుంటారు. ముందురోజు రాత్రి ఓడలో ఇచ్చే కార్యక్రమ పత్రంలో టైము గురించి రాస్తారు, అది చూసి ఒక మామూలు చేతిగడియారం దానికి సరిపెట్టుకోండి. కెప్టెన్‌తో మాట్లాడేటప్పుడు "ఊరి టైమా, ఓడ టైమా" అని ప్రతిసారీ అడగండి, విసుక్కోరు.

ఇంకో లెక్క. ఓడ బయల్దేరే టైము వేరు, అందరూ ఎక్కాల్సిన టైము వేరు. రెండోది అరగంటో గంటో ముందుంటుంది. అందరూ నాలుగున్నరకు ఎక్కాలంటే పడవ మూడు లోపు ఒడ్డుకు చేరేలా ఉన్న ట్రిప్పే బుక్ చెయ్యండి. తూర్పు చివర ఉన్న రెడ్ హుక్ పడవల రేవు నుంచి ఓడ రేవుకు టాక్సీలో అరగంట, ఓడలు నాలుగైదు ఆగిన రోజు ఇంకా ఎక్కువ.

ఓడ తప్పిపోతే ఖర్చంతా మీదే. తరవాతి రేవు ఇంకో దేశంలో ఉంటే అక్కడికి విమానంలో పోవడానికి పాస్‌పోర్టు కావాలి, అదేమో ఓడ గదిలో బీరువాలో ఉంటుంది. అందుకే సొంతంగా బుక్ చేసుకునేవాళ్లు పాస్‌పోర్టు, వీసా పేజీల ఫోటో ఫోన్లో పెట్టుకుని, రేవు ఏజెంటు (ఓడ కంపెనీ తరఫున రేవులో ఉండే మనిషి) నంబరు రాసుకుని దిగాలి.

ఓడ ఏ రేవులో ఆగుతుంది? పడవ దగ్గరికి ఎలా వెళ్లాలి?

సెయింట్ థామస్ ముఖ్యపట్టణం షార్లెట్ అమాలీలో రెండు రేవులు: తూర్పున హేవెన్‌సైట్, పడమట క్రౌన్ బే. హేవెన్‌సైట్‌లో ఆగితే పక్కనే ఉన్న మెరీనాకు (చిన్న పడవలు కట్టే చోటు) నడిచిపోవచ్చు, అక్కణ్ణుంచి కొన్ని పడవలు బయల్దేరతాయి. మిగతావాటికి టాక్సీ. టాక్సీ అంటే వెనక బెంచీలు వేసి చుట్టూ తెరిచి ఉన్న ట్రక్కు. ఛార్జీ మనిషికింత అని ప్రభుత్వమే నిర్ణయించింది, మీటరుండదు. బండి నిండేదాకా కదలదు, ఆ పది పదిహేను నిమిషాలూ లెక్కలో వేసుకోండి. అమెరికా జెండా ఎగిరే చోటైనా బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. అమెరికాలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లే రోడ్డు దాటేటప్పుడు తప్పువైపు చూస్తారు.

అమ్మానాన్నలకు వేరే వీసా కావాలా?

సెయింట్ థామస్, సెయింట్ జాన్ అమెరికావే. 1917లో డెన్మార్క్‌కు రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి కొన్నారు. అమెరికా వీసా మీద వచ్చినవాళ్లకు ఇక్కడ దిగడానికి వేరే వీసా అక్కర్లేదు. అయితే క్రూజ్ బహామాస్, సెయింట్ మార్టెన్ లాంటి చోట్లా ఆగుతుంది, తిరిగి అమెరికాలోకి రావాలి. వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు రావడానికి పనికొస్తుందా, హెచ్1బి స్టాంపు గడువు తీరిందా అన్నవి క్రూజ్ టికెట్ కొనేముందే లాయరుతో తేల్చుకోవాలి. పడవ బుక్ చేసే నాటికి తేల్చుకుంటామంటే ఆలస్యమైపోతుంది.

బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్ కంటికెదురుగానే కనబడతాయి గానీ అది సరిహద్దు దాటడం. పాస్‌పోర్టులు, కస్టమ్స్, క్యూలు. ఓడ దిగిన ఒక్కరోజులో ఆ పని పెట్టుకోకండి.

ఏం వేసుకోవాలి? నగల సంగతేంటి?

పొడుగుచేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), లెగ్గింగ్స్. ఒళ్లంతా కప్పుకుంటే ఎవరూ వింతగా చూడరు, ఎండకు అదే మేలు కూడా. నూలు చున్నీ, చుడీదార్ వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. పడవ మీద చెప్పులు విప్పించేస్తారు.

నగలు ఓడలో బీరువాలోనే ఉంచండి. ఈ నీళ్లలో బరాకుడా చేపలు తిరుగుతుంటాయి, మనుషుల జోలికి రావు గానీ తళుక్కుమనే వస్తువును చిన్న చేప అనుకునే అవకాశం ఉంది. అంతకన్నా మామూలుగా జరిగేది, సన్‌స్క్రీన్ జిడ్డుకు ఉంగరం జారి ఇసకలో కలిసిపోవడం. మంగళసూత్రం తియ్యనంటే మెడదాకా ఉండే రాష్‌గార్డ్ లోపలికి పెట్టుకుంటే సరిపోతుంది.

సన్‌స్క్రీన్ మీద నిషేధం ఉందట?

ఉంది. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్లను పగడాలకు హాని అని 2020 నుంచి ఇక్కడ నిషేధించారు. జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది కొనుక్కోండి. మొహం విభూతి రాసుకున్నట్టు తెల్లగా కనబడుతుంది, ఫోటోలకు కాస్త ఇబ్బందే. డబ్బా ముందువైపు ఏం రాసినా నమ్మకండి, వెనక పదార్థాల పట్టీ చదవండి.

వాంతులవుతాయేమోనని భయం.

పెద్ద ఓడలో ఏమీ కాలేదు కాబట్టి ఇక్కడా కాదనుకోవద్దు, చిన్న పడవ ఊపు వేరు. మాత్ర కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచెయ్యదు, గంట ముందు వేసుకోవాలి. అమెరికాలో డ్రామమీన్, బోనీన్ చీటీ లేకుండానే దొరుకుతాయి, ఇండియా నుంచి వచ్చేవాళ్లు అవోమిన్ తెచ్చుకుంటారు. అన్నీ కొంత మత్తు తెప్పిస్తాయి. నీటికాసులు, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్లు డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో రాకండి. పడవలో వెనకవైపు కూర్చుని దూరంగా కనబడే ఒడ్డుకేసి చూడండి, ఫోన్లోకి కాదు.

శాకాహారం దొరుకుతుందా? పులిహోర కట్టుకెళ్లొచ్చా?

ఓడలోంచి వండిన తిండి, పళ్లు కిందికి దించనివ్వరు. సీలు వేసిన బిస్కెట్లు, చెక్కలు పర్లేదు. పడవలో భోజనం ఉంటే శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాయండి, "గుడ్డు, చేప కూడా వద్దు" అని విడిగా రాయండి, లేకపోతే ట్యూనా శాండ్‌విచ్ వస్తుంది. క్రిస్మస్ కోవ్‌కు వెళ్తే మీ అదృష్టం: అక్కడ 'పిజ్జా పై' అనే పడవే ఒక పిజ్జా కొట్టు, నీళ్ల మీదే ఆర్డరిచ్చి తీసుకోవచ్చు. ఆ రోజు తెరిచి ఉందో లేదో కెప్టెన్‌ను కనుక్కోమనండి.

రమ్ కలిపిన పానీయాలు చాలా పడవల్లో ఉచితం. నీళ్లలోంచి పైకొచ్చాకే ఇస్తారు, ముందు అడగొద్దు.

పడవలో బాత్రూమ్ ఉంటుందా?

తెరచాప పడవల్లో చాలావాటిలో ఉంటుంది, ఇరుకుగా. చేత్తో పంపు కొట్టాలి. కాగితం అందులో వెయ్యకూడదు, గొట్టం మూసుకుపోతే ఆ రోజు అందరికీ ఇబ్బందే. ఓడలోనే పని ముగించుకుని దిగడం ఉత్తమం.

ఏమేం కనబడతాయి? టీవీలో చూసినట్టే ఉంటుందా?

తాబేళ్లు ఎక్కువగా కనబడతాయి, హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. పచ్చ తాబేలు గడ్డి మేసి కొన్ని నిమిషాలకొకసారి గాలికి పైకొస్తుంది. అది పైకొస్తున్నప్పుడు అడ్డం పోకుండా కదలకుండా తేలుతూ ఉంటే దానంతటదే దగ్గరికొచ్చి, ముక్కు బయట పెట్టి, ఒక్క ఊపిరి తీసుకుని మళ్లీ కిందికి పోతుంది. ముట్టుకోవడం, వెంటబడడం చట్టప్రకారం నేరం. టేకు చేపలు (స్టింగ్‌రేలు) ఇసకలో కప్పుకుని పడుకుంటాయి, కళ్లు మాత్రం బయటికి కనబడతాయి.

పగడాల విషయంలో ఆశలు తగ్గించుకుని రండి. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుపానులు రెండు వారాల తేడాలో కొట్టాయి. 2019లో రాతి పగడాల కణజాలం ఊడిపోయే జబ్బు సెయింట్ థామస్‌లో బయటపడి తరవాత చుట్టుపక్కలకూ పాకింది. 2023లో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. చేపలకు కొదవ లేదు, నీళ్లు ఇప్పటికీ తేటగా ఉంటాయి. కానీ రంగురంగుల పగడాల తోట చూపిస్తామని ప్రకటనలో ఉంటే ఆ ఫోటో ఎప్పటిదని అడగండి. ఉన్నవాటి మీద కాలు పెట్టకండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఏప్రిల్, మే, జూన్ మొదట్లో. డిసెంబరు, జనవరుల్లో 'క్రిస్మస్ గాలులు' బలంగా వీస్తాయి, సెయిలింగ్‌కు బాగుంటుంది గానీ కొత్తగా స్నార్కెల్ చేసేవాళ్లకు అలలెక్కువ. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, గట్టివి ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో. నీళ్లు ఏ నెలలోనైనా వెచ్చగానే ఉంటాయి.

ఓడ ఆ రేవులో ఆగకపోతే డబ్బు వాపసు వస్తుందా?

క్రూజ్ ప్రయాణికులతో పనిచేసే పడవలవాళ్లు చాలావరకు ఇస్తారు. నోటిమాట చాలదు, ఈమెయిల్లో రాయించుకోండి. ఓడ పేరు, తేదీ బుకింగ్‌లో ఉండాలి. వాపసు రానివి మీరు దిగలేక మానేసినవి.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు?

పడవెక్కడానికి అభ్యంతరం తక్కువ, నీళ్లలో దిగడానికి డాక్టరు మాట కావాలి. స్నార్కెల్ ప్రమాదాల్లో కేకలు, చేతులు ఊపడం చాలాసార్లు ఉండవు, మనిషి నిశ్శబ్దంగా కదలకుండా తేలుతుంటాడు. పెద్దవాళ్లను ఎప్పుడూ జతగానే దింపండి, పది నిమిషాలకొకసారి తల పైకెత్తి మాట్లాడించండి. విజిటర్ ఇన్సూరెన్సు కాగితంలో సాహస క్రీడలకు మినహాయింపు ఉందేమో, అందులో స్నార్కెలింగ్ ఉందేమో చూసుకోండి. నిచ్చెన ఎక్కలేని మోకాళ్లయితే అది నిటారుదా, మెట్లున్నదా అని అడగండి. కాటమరాన్లకు వెనక వెడల్పాటి మెట్లుంటాయి.

ఫోన్ పనిచేస్తుందా?

అమెరికా సిమ్ కార్డుల్లో చాలావాటికి ఇక్కడ రోమింగ్ ఛార్జీ ఉండదు. సెయింట్ జాన్ ఉత్తర తీరానికి వెళ్లగానే ఫోను బ్రిటిష్ వైపు టవర్‌ను పట్టేసుకుంటుంది, దానికి బిల్లు పడుతుంది. డేటా రోమింగ్ ఆపేసి ఉంచండి.

టిప్ ఎంతివ్వాలి?

15 నుంచి 20 శాతం మామూలు. గైడు మీ అమ్మగారి చెయ్యి పట్టుకుని గంటసేపు నీళ్లలో ఉంటే ఆ పైన ఇచ్చినా తప్పులేదు. నగదు తీసుకెళ్లండి, తడవకుండా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో.